తాళం వేసిన కబుర్లు

పక్కింటి అమ్మాయి నా ఫోన్‌ను నాలుగు రోజులు తన ఆఫీసుకు తీసుకుపోయింది, అందులో తప్పు ఎక్కడుందో వెతకడానికి. తప్పు ఫోన్‌లో లేదని అప్పటికే నాకు తెలుసు. తెలిసి కూడా ఫోన్ ఆమె చేతిలో పెట్టాను. చార్జర్ వైరు కూడా నీటుగా చుట్టి ఇచ్చాను. ఆ వైరు చుట్టడం గుర్తొస్తే ఇప్పటికీ నా చేతుల వైపు చూసుకోబుద్ధి కాదు.

మాది ఫలక్‌నుమా స్టేషన్‌కు నడిచిపోయేంత దూరంలో ఒక వరస ఇళ్లు. ఒక్కో ఇంటికి రెండు గదులు, పైన రేకులు. నా ఇంటికీ అమ్మాయి వాళ్ల ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడ రేకుల దాకా పోదు, జానెడు సందు వదిలి ఆగిపోతుంది. గాలి ఆడాలని అట్లా కట్టారట. నేను ఒక్కదాన్నే ఉంటాను. పత్తర్‌గట్టిలో ఒక బట్టల కొట్టు నుంచి ఆటోలో చీరల మూట తెప్పించుకొని ఫాల్స్ కుట్టి ఇస్తాను. అమ్మాయి తల్లి సర్కారు బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతుంది. తండ్రి బస్ డిపోలో మెకానిక్. ఆ తల్లి నన్ను అక్కా అంటుంది, నేను ఆమెను చెల్లె అంటాను. తోడబుట్టినవాళ్లం కాము, ఇరవై ఏళ్ల ఇరుగుపొరుగు.

అమ్మాయి ఇంజనీరింగ్ చదివేటప్పుడు ఒక ఎండాకాలం సెలవుల్లో మా గల్లీలోని అయిదుగురు ఆడవాళ్లను కూర్చోబెట్టి అక్షరాలు నేర్పింది. నాకప్పుడు యాభై రెండేళ్లు. అంతవరకూ బస్సు ఎటు పోతుందో పక్కవాళ్లను అడిగి ఎక్కినదాన్ని. ఆమె తల్లి మాత్రం మాతో కూర్చోలేదు. "నాకెందుకే, ఇంట్ల ఒక్కరికి వస్తె సాలు" అని నవ్వి లోపలికి పోయేది. మేమంతా గొంతెత్తి పలుకుతూ నేర్చుకున్నాం. తర్వాత మిగతావాళ్లు ఒక్కొక్కరే మానుకున్నారు. నేను వదల్లేదు. కాని గొంతు లేకుండా చదవడం నాకు పట్టుబడలేదు. పెదవులు మూసుకుంటే అక్షరాలు ఎక్కడివక్కడే నిలబడిపోయేవి. పైకి పలికితేనే ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకొని మాటలయ్యేవి.

కొన్నాళ్లకు అమ్మాయి అడిగింది. "పెద్దమ్మా, ఇంకా బయటికే చదువుతున్నవా? మెల్లమెల్లగ మనసుల చదువుకోవాలె."

"ఎప్పుడో మానేసిన. ఇప్పుడు మనసులనే చదువుతున్న" అన్నాను.

"అబ్బో! మస్తు ఫాస్టున్నవ్ పెద్దమ్మా!" అని ఆమె నా భుజం చరిచింది. అది అబద్ధమని నాకు తెలుసు. కాని ఆ చరుపు కావాలనిపించింది. చిన్నప్పుడు బడికి పోయినవాళ్లకు అటువంటి మెప్పులు ఎన్నో దొరికి ఉంటాయి. నాకు ఆ ఒక్కటే దొరికింది.

చదువయ్యాక ఆమె మాదాపూర్ వైపు ఒక చిన్న కంపెనీలో చేరింది. పట్టుమని పదిమంది ఉండరు. పొద్దున్నే లోకల్ రైలెక్కి పోయేది. అక్కడ చేసే పనేమిటో ఒక ఆదివారం మా గడప మీద కూర్చొని చెప్పింది. ఖరీదైన ఫోన్లు తయారుచేసే కంపెనీ ఒకటి ఉందట. ఆ ఫోన్లున్నవాళ్లు ఒకరికొకరు కబుర్లు పంపుకోవడానికి సొంత దారి ఒకటి వేసుకున్నారు. వేరే కంపెనీల ఫోన్లకు ఆ దారిలోకి ప్రవేశం లేదు. నా ఫోన్ లాంటి చవక ఫోన్లు కూడా ఆ దారిలో నడిచేటట్టు చేయడమే వీళ్ల పని.

"వాళ్లు రావద్దంటుంటె మీరెట్ల జొరబడతరే?" అన్నాను.

"పెద్దింటోళ్ల పెండ్లిల మంచి చీర కట్టుకొని, మర్యాదగ నడుచుకుంట లోపటికి పోతె ఎవలాపుతరు పెద్దమ్మా?"

"దొరికిపోతె?"

"బయటికి తోలుతరు. ఇంకో చీర కట్టుకొని మళ్ల పోతం."

అట్లా నవ్వించి, నా ఫోన్ అడిగింది. ఆఫీసులో అందరివీ కొత్త ఫోన్లేనట. వాళ్లు తయారుచేసిన యాప్ నా పాత ఫోన్‌లో నడిస్తే ఎక్కడైనా నడుస్తుందట. అంతకుముందు వాళ్ల బాపు ఫోన్‌లో పెట్టి చూసింది కాని, ఆయనకు డిపోలో ఫోన్ ముట్టుకునే తీరిక ఉండదని తీసేసింది.

మొదట పెట్టినది ఆమెకే నచ్చలేదు. ఆమె పంపిన కబురు ఆఫీసులోని ఒక మిషన్‌కు పోయి, అక్కడ విప్పబడి, మళ్లీ కట్టబడి నాకు వచ్చేది. అందులో తప్పేముందని అడిగాను. నేను కుడుతున్న చీరల వైపు చూపించింది.

"కొట్టు నుంచి నీకు మూట వస్తది గదా. నడుమల ఆటో ఆయన ముడి విప్పి, చీరలన్ని చూసి, మళ్ల గట్లనే కట్టిండనుకో. నీకు తెలుస్తదా?"

"తెల్వది."

"గదే. ఆయన మంచోడే అయుండొచ్చు. అయినా విప్పొద్దు. నేను కట్టిన ముడి నువ్వే విప్పాలె. నడుమల ఉన్న మాకు గూడ విప్పరావద్దు."

రెండు నెలలకు అట్లాంటిది తయారైంది. ఇప్పుడు నా ఫోనే నేరుగా ఆ దారిలోకి పోతుంది. ఆమె ఫోన్‌లో వేసిన తాళానికి చెవి నా ఫోన్‌లోనే ఉంటుంది. ఆ తాళం పని చూసింది వాళ్ల ఆఫీసులో వరంగల్ నుంచి వచ్చిన ఒకామె, ఇద్దరు పిల్లల తల్లి. ఆమె గురించి చెప్పేటప్పుడు అమ్మాయి గొంతులో గౌరవం వినబడేది. ఖరీదైన ఫోన్లవాళ్లు పసిగట్టి దారి మూసేస్తే రెండు మూడు రోజులు నాకేమీ వచ్చేవి కావు. వీళ్లు మళ్లీ ఏదో చేసేవాళ్లు. అన్ని కబుర్లూ ఒక్కసారి వచ్చి పడేవి.

మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ఆమె రాసేది. తల్లి కట్టిచ్చిన డబ్బా పక్కన పెట్టి బిర్యానీ తిన్నానని రాసేది. పెద్దసారు కసిరాడని, బాత్రూంలో పోయి ఏడ్చానని రాసేది. ఇంట్లో చెప్పని సంగతులు. నేను చేతిలోని చీర పూర్తిచేసి, మూడు గంటల వేళ గడప దగ్గర వెలుతురులో కూర్చొని చదువుకునేదాన్ని, నాకు చేతనైనట్టు, గొంతెత్తి. గోడ అవతల గిన్నెలు తోముతున్న చప్పుడు నేను మొదలుపెట్టగానే ఆగిపోయేది. ఆ సంగతి నాకు తర్వాత తట్టింది. అప్పుడు తట్టలేదు.

ఒక సోమవారం ఈ కబురు వచ్చింది:

"పెద్దమ్మా, శుక్రవారం ఆఫీసుల పడిపోయిన. ఫిట్స్ అన్నడు డాక్టరు. గోలీలు ఇచ్చిండు. కొన్ని రోజులకు స్కానింగ్ ఉన్నది. అమ్మకు చెప్పకు. మామ సంగతి నీకు తెలుసు గదా. స్కానింగ్ అయినంక నేనే నిమ్మళంగ చెప్పుకుంట. నీకొక్కదానికే చెప్తున్న."

ఆ మామ ఆమె తల్లికి ఒక్కగానొక్క తమ్ముడు. అతనికి ఫిట్స్ ఉండేవి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు నీళ్ల హౌజు మీదికి వంగి అట్లాగే లోపల పడి చనిపోయాడు. ముందుగా చూసింది ఈ తల్లే. అందుకే ఆ కబురు నేను ఒక్కసారి చదివితే నమ్మలేకపోయాను. మళ్లీ చదివాను. స్కానింగ్ అన్న మాట దగ్గర ఆగి, మొదటినుంచి మూడోసారి చదివాను. ప్రతిసారీ పైకే.

ఆ సాయంత్రం అమ్మాయి ఇంటికి రాగానే గోడ అవతల లొల్లి మొదలైంది.

"రేపటి సంది రైలెక్కుడు బంద్. నౌకరీ బంద్" అంటోంది తల్లి.

"ఏమైందమ్మా?"

"ఏమైందో నువ్వే చెప్పు. గోలీలు యాడ దాచినవ్?"

"నీకెవలు చెప్పిన్రు?" అన్న అమ్మాయి గొంతు.

"ఎవలో చెప్పిన్రు. నేను తల్లిని కానా?"

ఆఫీసు బ్యాగు, మెడలో వేసుకునే కార్డు తల్లి పెట్టెలో పెట్టి తాళం వేసింది. అమ్మాయి వచ్చి నా గడప మీద కూర్చుంది. మొహం కడుక్కొని వచ్చినట్టుంది కాని కళ్లు ఎర్రగానే ఉన్నాయి.

"పెద్దమ్మా, నువ్వు చెప్పినవా?"

"నీ మీద ఒట్టు బిడ్డా. నేనెవ్వరికి చెప్పలే."

"ఫోన్ ఎవలికన్న ఇచ్చినవా? ఎవలితోనన్న చదివిపిచ్చుకున్నవా?"

"లేదు. నేనే చదువుకున్న. పక్కన ఎవ్వరు లేరు."

అప్పటికి నేను నిజమే చెబుతున్నాననుకున్నాను. ఆమె నన్ను నమ్మింది. నమ్మి, తప్పును తమ పనిలోకి లాక్కుంది. బాపు ఫోన్‌లో పెట్టి తీసేసినప్పుడు దాని చెవి ఎక్కడో మిగిలిపోయిందేమో, నాకు పంపిన కబురు ఆయనకూ పోయిందేమో, ఆయన తల్లికి చెప్పి ఇప్పుడు దాస్తున్నాడేమో అనుకుంది. బాపు "నాకేం రాలేదు బిడ్డా" అని ఎంత చెప్పినా వినలేదు. "ఒక్క కబురు పక్కదారి పట్టిందంటె, ఎంతమందివి పడుతున్నయో పెద్దమ్మా" అంది. తన జబ్బు కంటె అదే ఆమెకు పెద్ద భయమైంది.

మర్నాడు పొద్దున నల్లా దగ్గర బిందె పెట్టి, తల్లి నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నువ్వు చదువుతుంటె ఇన్న."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"గోడ మీదికెళ్లి ఇనబడ్తది. దినాం ఇంటున్న. నా బిడ్డ పొద్దుగూకినంక ఇంటికొస్తది, ఏంది బిడ్డా సంగతులంటె ఏం లేదమ్మా అంటది. నీకు మాత్రం అన్ని రాస్తది. నువ్వు చదువుతుంటె అది నాతోని మాట్లాడినట్టె ఉంటదక్కా." బిందె నిండి పొర్లిపోతున్నా ఆమె చూసుకోలేదు. "బిడ్డకు చెప్పకు. తెలిస్తె నీకు గూడ రాసుడు బంద్ జేస్తది. ఇద్దరం పోగొట్టుకుంటం."

"చెప్పను తీయి" అన్నాను.

ఎంత తొందరగా అన్నానో. ఆ తల్లి బాధ చూసి అన్నానని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. అది కొంత నిజం. మనసులో చదువుతున్నానని చెప్పుకున్న గొప్ప బయటపడకుండా పోతుందన్నది మిగతా నిజం.

ఆ మరుసటి రోజు బాపు మధ్యలో పడి, తానే బండి మీద దింపి తీసుకొస్తానని ఒప్పించి, అమ్మాయిని ఆఫీసుకు పంపించాడు. పోతూ పోతూ ఆమె నా ఫోన్ అడిగింది. నేను చార్జర్ చుట్టి ఇచ్చింది అప్పుడే. "నీకు తిప్పలైతది పెద్దమ్మా, నాలుగు రోజులే" అంది. నాకు తిప్పలవుతుందని ఆమె బాధపడింది.

ఆ నాలుగు రోజుల్లో నేను కుట్టిన కుట్టు దేవుడికెరుక. కొట్టు సేటు ఒక చీర విప్పి చూసి, "ఏందమ్మా, కింద కుట్టాల్సిన ఫాల్ పైన కుట్టినవ్. మా గిరాకీ తలకిందులుగ నడవాల్నా?" అన్నాడు. కొట్టులో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ చీర ఇంటికి తెచ్చి కుట్టు ఊడదీసేటప్పుడు చెప్పేస్తే పోతుంది కదా అనుకున్నాను. కాని ఫోన్‌లో ఏమీ దొరకదు, వాళ్లే ఊరుకుంటారు, అని కూడా అనుకున్నాను.

ఫోన్ తిరిగి వచ్చింది. "ఏం దొరకలే" అంది అమ్మాయి.

"మంచిదే గదా బిడ్డా."

"మంచిది కాదు పెద్దమ్మా. దొరికితె బాగుచేస్తం. దొరకకపోతె ఏం జేస్తం? వచ్చే వారం జనాలకు ఇయ్యాల్సింది ఆపేసిన్రు." ఆగి, గోరుతో గడప గీకుతూ అంది, "వరంగల్ అక్క నౌకరీకి రాజీనామా ఇచ్చింది. మొదటికెళ్లి చివరిదాక తన పనంత మళ్ల చూసుకున్నది. తప్పు నాదే అయుంటది, నాకే కనబడ్తలేదు, నా చేతుల పని మీద నాకే నమ్మకం పోయినంక ఎందుకుండుడు అన్నది. మేమెంత చెప్పినా ఇనలే."

నేను లోపలికి పోయి మంచినీళ్లు తెచ్చిచ్చాను. అప్పుడు కూడా చెప్పలేదు. వారం రోజులు అట్లాగే తిన్నాను, కుట్టాను. నేనెన్నడూ చూడని ఒక ఆడమనిషి, లేని తప్పు కోసం కళ్లు పొడుచుకొని చూసుకొని, నౌకరీ వదిలి పిల్లల దగ్గర కూర్చుంది. ఎవరో వచ్చి నన్ను అడుగుతారని చూశాను. ఎవరు అడుగుతారు? నేను చెప్పలేదని ఒట్టు పెట్టినదాన్ని.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం అమ్మాయిని పిలిచాను. నోటితో చెప్పడం కంటె చూపించడమే తేలికనిపించింది. "నాకొక కబురు పంపు. ఇక్కడ కూసోనే పంపు" అన్నాను.

"పక్కనే ఉన్న గద, ఏందో చెప్పు పెద్దమ్మా."

"పంపు బిడ్డా. జర పెద్దది రాయి."

నాకేదో పిచ్చి పట్టిందన్నట్టు చూసి, ఏదో రాసి పంపింది. నేను గడప దగ్గర, రోజూ కూర్చునే చోట, రోజూ చదివినట్టే చదివాను. టమాటా పప్పు గురించి రాసింది. బాపు ఉప్పు ఎక్కువైందంటే అమ్మ అలిగిన సంగతి రాసింది. నేను ఒక్కో మాటా పలుకుతుంటే గోడ అవతల గిన్నెల చప్పుడు ఆగింది.

అమ్మాయి తల ఎత్తింది. గోడ మీది సందు వైపు చూసింది. నా వైపు చూసింది. కూర్చున్నచోటి నుంచే పిలిచింది.

"అమ్మా."

అవతల ఒక గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"అమ్మా, ఉన్నవు గద."

"ఆఁ" అంది తల్లి, చాలా చిన్నగా.

నేను అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "నువ్వు మనసుల చదువుతనంటివి గద పెద్దమ్మా" అంది. అది కూడా కోపంగా అనలేదు. రాదు బిడ్డా, ఎన్నడూ రాలేదు, అన్నాను. ఆమె తల ఊపింది. తర్వాత అసలు మాట అడిగింది.

"అమ్మ ఇంటున్నదని నీకెప్పుడు తెలిసింది?"

"నువ్వు ఫోన్ తీస్కపోకముందు."

"ముందా?"

"ముందు రోజు."

ఆమె మొహంలో అప్పుడు వచ్చినది నేను ఇంతకుముందు చూడలేదు. గొంతెత్తి చదవడాన్ని ఆమె అప్పటికే మన్నించింది. ఇది మన్నించగలిగేది కాదు. "వరంగల్ అక్క నౌకరీ వదిలింది పెద్దమ్మా" అంది. అంతే అంది. లేచి నిలబడి, "ఇదంత రాసియ్యి. నేను చెప్తె అక్కను కాపాడనీకి చెప్తున్న అనుకుంటరు. నీ చేత్తోనే రాయాలె" అంది.

నా జన్మలో నేను రాసిన మొదటి పెద్ద కాగితం అది. ఎవరికైనా ఉత్తరం రాస్తానని, చీటీ రాస్తానని అనుకున్నాను కాని నా తప్పు రాస్తానని అనుకోలేదు. రెండు గంటలు పట్టింది. గోడ రేకుల దాకా లేదని రాశాను. నేను పైకి చదువుతానని, రానిది వచ్చని చెప్పానని రాశాను. ఫోన్ ఇచ్చే ముందే నాకు తెలుసని రాశాను. తాళం చేసినామె తప్పు ఏమీ లేదని రాసి కింద సంతకం పెట్టాను. ఎప్పుడూ నా రాతలో తప్పులు దిద్దే అమ్మాయి దాన్ని దిద్దలేదు. అట్లాగే ఫోటో తీసి ఆఫీసుకూ, వరంగల్ ఆమెకూ పంపింది.

వాళ్లు ఆపినది మళ్లీ మొదలుపెట్టారు. వరంగల్ ఆమె తిరిగి రాలేదు. అప్పటికే వేరేచోట చేరతానని మాటిచ్చిందట. తెలియజేసినందుకు పెద్దమ్మకు నమస్కారం చెప్పమన్నదట. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

గోడ మీది సందు మూయించమని నేనే అమ్మాయి తండ్రితో అన్నాను. ఎండాకాలం ఎట్లా బతుకుతామని ఆయన నవ్వాడు. అది అట్లాగే ఉంది. అమ్మాయి ఇప్పటికీ నాకు రాస్తుంది. రైలు ఆలస్యమైందని రాస్తుంది, వాన పడుతోంది, ఆరేసిన బట్టలు తీయమని రాస్తుంది. ఇంటికి వచ్చాక తల్లీ ఆమె మాట్లాడుకోవడం వినబడుతుంది. ఎక్కువసేపే మాట్లాడుకుంటున్నారు. వినబడినప్పుడు నేను కుట్టుమిషన్ తొక్కుతాను.

స్కానింగ్‌కు తల్లే వెంట పోయింది. రిపోర్టు వస్తుందన్న రోజు నేను ఫోన్ ఒళ్లో పెట్టుకొని కుట్టాను. సాయంత్రం గోడ అవతల నుంచి తల్లి పిలిచింది.

"అక్కా, రిపోర్టొచ్చింది! తలకాయల ఏం గడ్డలు గిట్ల లేవంట. గోలీలు ఏసుకుంట నౌకరీకి పోవచ్చు అన్నరంట. ఫికర్ లేదన్నరు."

"మంచి మాట చెప్పినవ్ చెల్లె" అన్నాను. కళ్లు తుడుచుకున్నాను.

"అదేంది, నీకు తెల్వదా? మధ్యాహ్నమే వచ్చెగద. నీకు రాయలేదా?"

"రాయలేదు."

"అయ్యో, నీ ఫోన్ ఖరాబైందా ఏంది?"

"లేదు చెల్లె" అన్నాను. "ఫోన్ మంచిగనే ఉన్నది."